నిర్వచనం లేని పేరు

అయినా ఏది ముందు, ఏది తరువాత అన్నది వాడెక్కడా రాసి పెట్టుకోలేదు, వరస వేళ్ళలోనే ఉన్నవాడికి రాసుకోవలసిన అవసరమేమిటి, మగ్గం గుంటలో కాళ్ళు దించినవాడు ముందు ఏ కాలు తొక్కాలో గోడ మీద రాసుకుంటాడా, అనుకుంటూ మంజుల తమ్ముడి లాప్‌టాప్ మూతను వెనక్కి వంచింది, కీలు వదులై మూత చివరిదాకా వాలిపోతుంది గనుక వాడు దాని వెనక ఒక ఖాళీ నూలుకండెను ఆనించేవాడు, ఆ కండె కూడా సంచిలోనే ఉంది, తమ్ముడి భార్య ఉరుకుందమ్మ దాన్ని తీసి పక్కన పెట్టకుండా లాప్‌టాప్‌తో పాటే ఎమ్మిగనూరు నుంచి పంపింది, చనిపోయినవాడి వస్తువుల్లో ఏది అవసరమో ఏది కాదో మొగుడు పోయిన మనిషికి ఎలా తెలుస్తుంది, తెలియకనే పంపి ఉంటుంది, మంజుల కండెను ఆనించింది, తెర నిలబడింది, ఎనిమిది నెలలుగా ఎవరూ తెరవని ఫోల్డరు తెరుచుకుంది, అందులో తమ్ముడు ఈరప్ప అసెంబ్లీ భాషలో రాసిన చిన్న ప్రోగ్రాం ఉంది, చిప్పుకు నేరుగా తెలిసే అంకెలకు ఒక్క మెట్టు మాత్రమే పైనుండే భాష అది, ఒక్కొక్క మాటకు ఒక్కొక్క పని, తీసుకో, కూడు, పోల్చు, దూకు, వెనుదిరుగు, అంతకు మించి దానికి మర్యాదలూ లేవు, అలంకారాలూ లేవు, ఆదోని పాలిటెక్నిక్‌లో రిటైరయ్యేదాకా ఆమె పిల్లలకు చెప్పింది ఆ భాషనే, ఆదివారాలు ఎమ్మిగనూరు నుంచి సైకిలు మోటారు మీద వచ్చి గడప దగ్గరే కూర్చుని పదో తరగతితో బడి మానేసిన తమ్ముడు నేర్చుకున్నదీ ఆ భాషనే, ఇది బాగుందక్కా, దీంట్లో దొంగమాట లేదు, సెప్పినంత సేస్తాది, సెప్పనిది సేయదు అన్నాడు, మనుషుల్లో అట్లాంటిదానివి నువ్వొక్కదానివే అని కూడా అన్నాడు, అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఆమె అప్పుడు తేల్చుకోలేదు.

ఆ ప్రోగ్రాం ఇప్పుడు కొత్త చిప్పులోకి ఎక్కాలి, పోయిన నెల ఉరుములవాన రోజు కరెంటు ఎగసి పాత చిప్పు మాడిపోయింది, మగ్గానికి కట్టిన డబ్బా మూగబోయింది, డబ్బా మూగబోతే ఉరుకుందమ్మ నేత ఆగిపోయినట్టే, ఆమె కళ్ళకు చక్కెర జబ్బు తెర కప్పి చాలా కాలమైంది, చీర నడుమంతా వేళ్ళ తాకిడితో నేస్తుంది, ఆడేటి దారమూ తెగేటి దారమూ వేలికే తెలుస్తాయి, కాని అంచులో పువ్వు పెట్టవలసిన వరస ఎప్పుడు వచ్చిందో వేలికి తెలియదు, పేకను, అంటే అడ్డం దారాన్ని, నెట్టిన దెబ్బలు లెక్కపెట్టుకుంటూ పోవాలి, మాటల్లో పడితే లెక్క తప్పుతుంది, అందుకని ఈరప్ప మొదట్లో తానే మగ్గం పక్కన పీట వేసుక్కూర్చుని లెక్కపెట్టి సరిగ్గా ఆ వరస దగ్గర పిలిచేవాడు, ఉరుకుందా అని, మొదటి రెండక్షరాలూ పొట్టిగా, తక్కినది పొడుగ్గా, కొస కిందికి జారేటట్టు, పిలవగానే ఆమె తల అటు తిప్పి సరే అన్నట్టు గడ్డం ఆడించి పువ్వుదారం అందుకునేది, కాని మొగుడు పొద్దంతా పెళ్ళాం పక్కన కూర్చుంటే ఊరి మగ్గాలెవరు బాగుచేస్తారు, నందవరం పల్లెలదాకా తిరిగితే గాని ఇల్లు గడవదు, కాబట్టి వాడు ఒక డబ్బా చేశాడు, దెబ్బలు లెక్కపెట్టే డబ్బా, వరస రాగానే మూడు స్వరాలు పలికే డబ్బా, పొట్టిది, పొట్టిది, పొడుగుది, ఆ మూడు స్వరాలు కుదరడానికి వారాలు పట్టింది, ఒరే, కూత కూయడమే కదా కావాలి, ఒక్క బీప్ చాలదా, రాగాలెందుకురా అని మంజుల విసుక్కుంది, ఈరప్ప నవ్వి, బీప్ అంటే లారీ వెనక్కి వచ్చినట్టుంటాదక్కా, బెదురుకుంటాది మీ మరదలు అన్నాడు, తరువాత ఒక రోజు నందవరం నుంచి తిరిగి వస్తూ బస్సులో కిటికీ పక్కన వాడి గుండె ఆగిపోయింది, నిద్రపోతున్నాడనుకుని కండక్టరు ఎమ్మిగనూరులో భుజం తట్టాడు, ఆ రోజు ఇంట్లో చుట్టాలెవరో ఈరప్ప ఆత్మ యాడికీ పోదు, మగ్గం కాడనే తిరుగులాడతాంటాది అంటే మంజుల ఊరుకోలేదు, ఆత్మ అనేది లేదు, చనిపోయినవాడు ఎక్కడా ఉండడు, ఆరిన దీపం ఎక్కడికి పోయిందని ఎవరైనా వెతుకుతారా అన్నది, ఆమె మాట సత్యమే, సత్యమే గనుక చావు ఇంట్లో కూడా చెప్పింది, కొన్నాళ్ళకు ఉరుకుందమ్మ మళ్ళీ నేత మొదలుపెట్టాక ఫోనులో, రోజూ పిలుస్తాండాడు వదినా అన్నది, పిలిచేది డబ్బా ఉరుకుందా, వాడు కాదు అని మంజుల దిద్దింది, దాన్ని కూడా సత్యమని నమ్మే దిద్దింది.

పక్క వాటాలో ఉండే వహీదా బీ టీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది, పక్కకు ఒరిగి తెర వైపు చూసింది, ఏం మంజులమ్మా, పొద్దున్నుంచి దాని మొగమే సూస్తాండావు, నీకు అల్లా లేడు, రాముడు లేడు, దయ్యం గూడ లేదు, మరి ఎవురితో కొట్లాడతాండావు అట్ల అన్నది, కంప్యూటరుతో వహీదా బీ అంటే, అది ఎదురు మాట్లాడతాదా అన్నది, తప్పుంటే మాట్లాడుతుంది, తప్పు లేకపోతే ఏమీ అనదు అంటే, అట్లయితే మా ఇంటాయన చోటే సాబ్ కంటే నయం, ఆ మనిషి తప్పున్నా అరుస్తాండె, లేకున్నా అరుస్తాండె, పోయినంక ఇల్లంతా ఖామోష్, సప్పుడే లేదు, అరిసేటోడు లేకుంటే నేను తప్పు సేసినానో లేదో నాకే తెలుస్తలేదు, అని నవ్వి, నవ్వు మధ్యలోనే కొంగుతో బల్ల మీది టీ చుక్క తుడిచి, వెళ్ళిపోయింది, ఆమె చెప్పింది హాస్యమే, అయినా మంజులకు టీ తాగబుద్ధి కాలేదు, మిల్లు వైపు నుంచి ఎగిరొచ్చిన పత్తిపింజ ఒకటి గ్లాసు అంచుకు అంటుకుని వణుకుతున్నది, తీసి పారేయాలి, తీసి పారేయడమంటే జ్ఞాపకం వచ్చింది, ఈ ఫోల్డరును ముందు శుభ్రం చేయాలి.

ఎంత చెత్త, ఎన్నిసార్లు చెప్పింది, అసెంబ్లర్ అనే పరికరం మనిషి రాసిన మూలాన్ని యంత్రం అంకెల ముక్కలుగా మారుస్తుంది, లింకర్ అనేది ఆ ముక్కలను వరసగా అతికి చిప్పుకు ఎక్కే ఒక్క ఫైలు చేస్తుంది, మూలం ఉంటే ముక్కలు ఎప్పుడైనా మళ్ళీ తయారవుతాయి, కాబట్టి పని కాగానే ముక్కలను తుడిచేయాలి, తుడవకపోతే పాతవీ కొత్తవీ కలిసిపోతాయి, ఇది ఆమె మొదటి పాఠం, వాడు మాత్రం ఎన్నడూ తుడవలేదు, పాత లెక్క, కొత్త లెక్క, పరీక్షకు చేసిన లెక్క, విరిగిన అంచు, సగం అంచు, అన్నిటి ముక్కలూ అట్లాగే పడి ఉన్నాయి, పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు, ఒకసారి కూర్చోబెట్టి గట్టిగా అడిగింది, ఎందుకురా ఈ గుట్ట, తుడిచెయ్యి అని, వాడు తల గోక్కుని, మగ్గం బోడిగా యిడ్చరాదు కదక్కా అన్నాడు, ఆమెకు ఒళ్ళు మండింది, బోడి మగ్గం అరిష్టమని వీధిలో ముసలమ్మలు అనేమాట అది, పడుగు, అంటే నిలువు దారాల వరస, అయిపోయాక కూడా పాత కొసలను దువ్వెన లాంటి అచ్చులోనే ఉంచి వాటికే కొత్త పడుగు దారాలను ఒక్కొక్కటిగా అతకడం ఎమ్మిగనూరు ఇళ్ళలో తరతరాల పద్ధతి, అరిష్టమూ లేదు గిరిష్టమూ లేదు, మొత్తం తీసేస్తే వేల దారాలను మళ్ళీ మొదటి నుంచి అచ్చు పళ్ళలో దూర్చుకోవాలి, కొసలుంటే ముడి వేసి లాగితే చాలు, ఉన్నది ఆ సౌకర్యం ఒక్కటే, సౌకర్యానికి భయం అనే చొక్కా తొడిగారు, అని ఆమె వాడికి ఆ రోజు చాలాసేపు చెప్పింది, నేతపనికి ఉన్న కారణం కంప్యూటరుకు వర్తించదనీ, అలవాటును ఆలోచన లేకుండా ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసుకుపోవడమే మూఢనమ్మకమనీ చెప్పింది, వాడు విన్నాడు, నిజమేలే అక్కా అన్నాడు, తుడవలేదు.

ఇప్పుడు తాను తుడుస్తుంది, కాని జాగ్రత్తగా, పద్ధతి ప్రకారం, ఆమె ముందుగా మూలం ఫైళ్ళు రెండింటికీ పెన్‌డ్రైవ్‌లో నకలు తీసుకున్నది, లెక్క ఒకటి, అంచు ఒకటి, తయారైన ముక్కలకు నకలెందుకు, ఆ తరువాత మేక్‌ఫైల్ రాయడానికి కూర్చున్నది, అంటే పనుల వరసను ఒకేసారి రాసిపెట్టే కాగితం లాంటి ఫైలు, దేని నుంచి ఏది పుడుతుంది, ఏది మారితే ఏది మళ్ళీ చేయాలి, ఏ ముక్క ముందు, ఏ ముక్క వెనక, చిప్పులో ఏ చోటు నుంచి మొదలు, అన్నీ అందులో ఉంటే ఇక మీదట ఎవరైనా ఒక్క మాట కొడితే చాలు, రేపు తాను పోయినా, ఎల్లుండి ఇంకో చిప్పు మాడినా, వీధిలో ఏ డిప్లొమా పిల్లనైనా పిలిచి ఇది నొక్కు అంటే ప్రోగ్రాం మళ్ళీ తయారవుతుంది, మనిషి మీద ఆధారపడనిదే నిజమైన జ్ఞానం అని ఆమె తరగతిలో అనేది, ఒక్కొక్క నియమం రాస్తున్నకొద్దీ ఏదో తృప్తి, చాలా రోజుల తరువాత వాడి పక్కన కూర్చుని వాడి పని సర్దుతున్నట్టు, చూడరా, వరస అంటే ఇట్లా ఉండాలి, నీ తలలో పెట్టుకుని బస్సెక్కి పోతే ఎట్లా, అని తిట్టుకుంటూ చివరి నియమం రాసింది, క్లీన్, తుడుపు నియమం, మూలాలు తప్ప తక్కిన ముక్కలన్నిటినీ, వాడు అతికి ఉంచిన ఫైలుతో సహా, తీసేయమని, రాసి, ముందు దాన్నే నడిపింది, కన్ను మూసి తెరిచేలోగా గుట్ట మాయమైంది, ఫోల్డరులో మూలాలు రెండూ, ఆమె రాసిన మేక్‌ఫైలూ మిగిలాయి, ఊడ్చి చల్లిన వాకిలిలా ఉంది, టీ తాగింది, చల్లారిపోయింది, అయినా బాగుంది, అప్పుడు తయారుచేయమన్నది, లెక్క అంకెల్లోకి మారింది, అంచు మారింది, రెండు ముక్కలూ పుట్టాయి, లింకర్ అతకబోయి ఆగింది, తెర మీద ఒక్క వాక్యం, పిలుపు అనే పేరుకు నిర్వచనం లేదు.

పిలుపు, ఏ పిలుపు, ఆమె అంచు మూలంలోకి పోయి వెతికింది, ఉంది, వరస రాగానే పిలుపు దగ్గరికి దూకు అని వాడు రాశాడు, కాని పిలుపు దగ్గర ఏముందో ఈ మూలంలో లేదు, ఆ మూలంలోనూ లేదు, మూడో మూలం ఎక్కడ, లేదు, మరి వాడు ఇన్నాళ్ళూ దేన్ని అతికాడు, అప్పుడు కళ్ళ ముందుకు వచ్చింది, గుట్టలో అన్నిటికంటే పాత తేదీ ఉన్న ముక్క, చూసింది, పిలుపు అన్న దాని పేరు కూడా చదివింది, ఇంత పాతది ఇంకా ఎందుకుంచాడు అని విసుక్కుంది కూడా, ఆ వెంటనే ఇంకొకటి, రెండేళ్ళ కిందటి ఫోను, పాత కంప్యూటరు పోయిందక్కా, డిస్కు కాలిపోయింది, అయ్యో, అవునా అంటే, అంతా పోలేదులే, కావాల్సింది మిగిలింది అన్నాడు, కావలసింది అంటే ఏమిటని ఆమె అడగలేదు, ఆ సాయంత్రం ఆమెకేదో ఉపన్యాసం ఉండింది, దేవనకొండలో, చేతబడి అబద్ధమని, మూలం డిస్కుతో పోయింది, తయారైన ముక్క మాత్రం మిగిలింది, వాడు దాన్ని ఇక తిరిగి పుట్టించలేడు, కొత్త పడుగును దానికే అతుక్కుంటూ వచ్చాడు, బోడిగా విడవరాదు అన్నది అరిష్టం మాట కాదు, పాత కొసకు ఉన్న కారణమే దీనికీ ఉంది, ఖచ్చితంగా అదే కారణం, ఆమె మగ్గం విషయంలో ఆ కారణాన్ని విప్పి చెప్పగలిగింది, ఫోల్డరు విషయంలో కారణం ఉండవచ్చునన్న అనుమానమే రాలేదు, ఊళ్ళో అందరినీ ఎందుకు అని అడిగే మనిషి.

తుడిచిన ఫైళ్ళను వెనక్కి తెచ్చే ఉపాయాలు ఆమెకు తెలుసు, తెలిసినవన్నీ చేసింది, తెలియనివి చదివి చేసింది, ఆ డిస్కు తుడిచిన చోటును అప్పటికప్పుడు ఖాళీ చేసుకునే రకం, మిగల్చదు, మాడిన చిప్పును చదవబోతే పరికరం చిప్పే లేదన్నది, డబ్బా పాడుతుండగా ఎవరైనా ఫోనులో పట్టారా అంటే, రోజూ వినేదాన్ని ఎవరు పడతారు, తమ్ముడి గొంతు మాత్రం ఆమె ఫోనులో చాలా ఉంది, అక్కా బస్సెక్కినా, అక్కా వేరుశనక్కాయలు పంపినా, అక్కా నీ పుస్తకం ఇంకా సదవలే, అవన్నీ విన్నది, ఒక్కదానిలో కూడా ఉరుకుందా అని లేదు, ఉన్నా లాభం లేదు, డబ్బా పలికింది ఆ గొంతును కాదు, ఆ గొంతును వాడు వారాల తరబడి చెవి ఒగ్గి మూడు స్వరాలుగా చేసిన తీరును, కొసలో ఎంత జారాలో, ఎక్కడ ఊపిరంత విరామం ఉండాలో, ఆ సంఖ్యలు, మూడో నాలుగో సంఖ్యలు, ప్రపంచంలో ఇంకెక్కడా లేవు, ఆమె కళ్ళు మూసుకుని వినడానికి ప్రయత్నించింది, ఎన్నిసార్లు వినలేదు ఆ ఇంట్లో, అన్నం తింటూ, వాదిస్తూ, వాడి మాట నరికి తన మాట చెబుతూ విన్నది, మాటలు జ్ఞాపకమున్నాయి, పొట్టి పొడుగులు జ్ఞాపకమున్నాయి, స్వరం రాలేదు, స్వరం ఉండవలసిన చోట వాక్యాలు వచ్చాయి, ఆమెకు ఎప్పుడూ వచ్చేవి వాక్యాలే.

ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు కదలడానికి ముందే కిటికీ పక్క సీటు దొరికింది, ఒళ్ళో లాప్‌టాప్ సంచి, సంచి జేబులో కొత్త చిప్పు, చిప్పులో ఇప్పుడు పిలుపు ఉంది, తాను రాసిన పిలుపు, పొట్టి, పొట్టి, పొడుగు, సంఖ్యలు మార్చి మార్చి వహీదా బీకి కూడా వినిపించింది, ఇది బాగుందా, ఇది బాగుందా అంటే, నాకు అన్నీ ఒకటే మాదిరుండాయి అమ్మా, ఆయమ్మకి కదా తెలిసేది అన్నది, నిజమే, ఆయమ్మకే తెలిసేది, మేక్‌ఫైల్ అంతా సక్రమంగా ఉంది, ఒక్క మాటకు అంతా తయారవుతుంది, తప్పు చూపడం లేదు, తప్పు చూపకపోవడం సరిగ్గా ఉండటం కాదని పిల్లలకు చెప్పింది తానే, బస్సు పత్తి లారీల వెనక ఆగి ఆగి పోతున్నది, ఏమని చెప్పాలి, ఉరుకుందా, ఇది వాడిది కాదు, నేను చేసింది అని ఇంట్లో అడుగు పెట్టగానే చెప్పేయాలి, చెప్పకపోతే ఆమె ఇది వాడి పిలుపే అనుకుంటుంది, అనుకోనిస్తే తప్పేమిటి, అని లోపలి నుంచి ఎవరో అడిగారు, మంజులకు భయం వేసింది, ఒక మనిషి ఓదార్పు కోసం ఒక అబద్ధపు శబ్దం, తాయెత్తు కట్టేవాడు కూడా చెప్పుకునేది ఇదే కదా, అటువంటివాడిని సభలో నిలబెట్టి నిలదీసిన మనిషి తాను, ఇప్పుడు సంచి జేబులో తాయెత్తు పెట్టుకుని పోతున్నది, కళ్ళు మూతలు పడ్డాయి, ఎండ కిటికీలోంచి మోకాళ్ళ మీద పడుతూ పోతూ, వాడు కూడా ఇట్లాగే, ఈ వైపునే, భుజం మీద చెయ్యి పడింది, అమ్మా, ఎమ్మిగనూరు, దిగు, అన్నాడు కండక్టరు, ఆమె లేచింది, లేవగలిగినందుకు సిగ్గుపడుతూ లేచింది.

వచ్చినావా వదినా, నీళ్ళు తాగుతువు రా, ఎండకు మొగమంతా వాడిపోయింటాది, నాకు కనపడదు గాని నీ నడకలో తెలుస్తాండాది, అన్నది ఉరుకుందమ్మ, చెప్పేయాలనుకున్నది మంజుల, నీళ్ళు తాగింది, డబ్బా విప్పింది, చిప్పు పెట్టింది, తీగలు బిగించింది, చేతులు చెప్పకుండానే పని చేసుకుపోతున్నాయి, ఇప్పుడు చెప్పాలి అనుకునేసరికి ఉరుకుందమ్మ గుంటలోకి కాళ్ళు దించి కూర్చున్నది, దారం మోసే నాడె అటు పోయింది, ఇటు వచ్చింది, దెబ్బ, దెబ్బ, దెబ్బ, లోపల వాడి లెక్క నడుస్తున్నది, అది మాత్రం వాడిదే, అక్షరం మార్చలేదు, వరస వచ్చింది, డబ్బా పలికింది, పొట్టి, పొట్టి, పొడుగు, ఉరుకుందమ్మ తల ఎడమ వైపుకు, పీట ఉండే వైపుకు తిరిగింది, తిరిగి, అక్కడే ఆగింది, చేయి పువ్వుదారం మీదికి పోలేదు, ఇది హాజరు పిలిచినట్టుంది వదినా, ఉరుకుందమ్మ ఉండావా అని, ప్రెజెంట్ మేడం అనాల్నా ఏమి, అన్నది, నవ్వుదామనే అన్నది, నవ్వు రాలేదు, మంజుల అప్పుడు చెప్పింది, వాడిది పోయింది ఉరుకుందా, పనికిరానిది అనుకుని నేనే తుడిచేసినాను, ఇది నేను చేసింది, ఉరుకుందమ్మ వేళ్ళు పడుగు మీద ఒక దారం నుంచి ఇంకో దారానికి పోతూ వస్తూ ఉన్నాయి, మళ్ళ రాదా అన్నది, రాదు అన్నది మంజుల, యాడన్నా, పెద్ద ఊర్లల్లో, సదువుకున్నోళ్ళ కాడ దొరకదా అని ఉరుకుందమ్మ, రాదు ఉరుకుందా అని మంజుల, లేదు అనే మాటను చావు ఇంట్లో ఎంత సులువుగా అన్నది, ఇప్పుడు రాదు అనే మాట ఒక్కొక్క అక్షరంగా వచ్చింది.

అయితే గొంతు తీసెయ్యి వదినా, అన్నది ఉరుకుందమ్మ, కోపం లేదు, కోపం ఉంటే మంజులకు కొంత నయంగా ఉండేది, ఊరికే టక్కుమంటే సాలు, పిలిస్తే నేను ఆ పక్కకి తిరిగి సూస్తా, మీ తమ్ముడు కూసునే పక్కకి, ఇన్నాళ్ళూ తిరిగితి, డబ్బా అని తెలిసినా తిరిగితి, తిరిగినప్పుడల్లా ఉన్నట్టే ఉంటాండె, ఇంగ వేరే గొంతుకి తిరగలేను, టక్కుమంటే తిరగను, పువ్వు పెట్టుకుంటా పోతా, అని చెంగుతో ముక్కు తుడుచుకుని, నువ్వు చెడ్డగా సేయలేదులే, నీ పని బాగానే ఉంది, అని ఇంకోసారి మంజుల వైపు చూపు లేని చూపు చూసింది, వదినను ఓదారుస్తున్నది, ఆత్మ లేదని మొగుడి శవం పక్కన చెప్పిన వదినను, మంజుల లాప్‌టాప్ తీసుకుని వసారాలోకి పోయి గోడకు ఆనుకుని కూర్చున్నది, కండెను మూతకు ఆనించింది.

గొంతు తీసేయడానికి రెండు దారులు, అంచు మూలంలో పిలుపు దగ్గరికి దూకు అన్న వాక్యాన్నే కొట్టేయడం ఒకటి, వాడు రాసిన వాక్యం, కొట్టేస్తే ఆ పేరే ప్రోగ్రాంలో ఉండదు, అడిగేవాళ్ళే లేరు గనుక నిర్వచనం లేదనే తప్పూ ఉండదు, వేలు ఆ వాక్యం మీదికి పోయింది, ఆగింది, లోపల ఉరుకుందమ్మ మగ్గం మీదున్న పడుగు, దాని ముందరి పడుగుకు అతికింది, అది దాని ముందరిదానికి, ఈ ఎనిమిది నెలల్లో వాడు ముట్టిన దారం చివరి పోగుదాకా చీరలై ఎవరెవరి ఒంటి మీదికో పోయింది, మగ్గం మీద వాడి దారం ఒక్కటీ లేదు, అయినా ప్రతి దారమూ వాడు దూర్చిన అచ్చు పంటిలోంచే పోతున్నది, దీనికి ఆత్మ అక్కరలేదు, ముడి చాలు, ఆమె దూకు అన్న వాక్యాన్ని కొట్టలేదు, పిలుపు ఫైలు తెరిచి తాను రాసిన మూడు స్వరాలనూ తీసేసింది, అన్నీ తీసేసి ఒక్క మాట మిగిల్చింది, వెనుదిరుగు, అంటే ప్రోగ్రాం వరస రాగానే వాడు చెప్పినట్టే పిలుపు దగ్గరికి పోతుంది, పోయి చూస్తుంది, అక్కడ ఏమీ లేదు, వెనక్కి వస్తుంది, వచ్చాక టక్కుమంటుంది, ఆ టక్కు మాత్రం ఆమె వేరేచోట రాసింది, మేక్‌ఫైల్‌కు తయారుచేయమని చెప్పింది, లెక్క పుట్టింది, అంచు పుట్టింది, పిలుపు పుట్టింది, లింకర్ అతికింది, తెర ఏమీ అనలేదు, వహీదా బీ ఇల్లంతా ఖామోష్ అన్నట్టు ఏమీ అనలేదు, లోపలికి పోయి డబ్బాలోని చిప్పుకు దాన్ని ఎక్కించి వచ్చి గడప మీద కూర్చున్నది, దెబ్బ, దెబ్బ, దెబ్బ, వరస వచ్చింది, రెప్పపాటు కూడా పట్టని ఒక ఖాళీలో ప్రోగ్రాం వాడి దగ్గరికి పోయి తిరిగి వచ్చింది, టక్, ఉరుకుందమ్మ తల తిరగలేదు, చేయి పువ్వుదారం అందుకున్నది, ఆ ఖాళీ ఎవరికీ వినపడదు, అది ఉందని మంజులకు మాత్రం తెలుసు, ఎనిమిది నెలలుగా తాను అంటూ వచ్చింది చనిపోయినవాళ్ళెవరూ ఎక్కడా ఉండరు అని, అది అందరికీ వర్తించే నియమం, ఆ నియమం చెబుతూనే రోజూ వాడి పేరు దగ్గరికి దూకి, అక్కడ ఏముందో చూడకుండా, నిర్వచనం లేకుండా వదిలేసింది, ఇప్పుడు పోయి చూసింది, పేరు ఉంది, చోటు ఉంది, అందులో ఈరప్ప లేడు, లేడు అన్నది వాదన కాదు, ఆ పేరుకు ఇక ఉన్న ఒకే ఒక్క నిర్వచనం అది, దెబ్బ, దెబ్బ, తమ్ముడు లేడు.